ఎస్‌డీబీ అంటే ఏ డిస్కు?

సర్వర్లతో పనిచేసేవాళ్లు ఇద్దరు ఒకచోట చేరితే ఈ తగవు ఎప్పుడో ఒకప్పుడు రాక మానదు. డిస్కును అది ఉన్న చోటును బట్టి పిలవాలా, అది ఫలానా డిస్కని పోల్చుకునే గుర్తును బట్టి పిలవాలా? చాలామంది దీన్ని అలవాటు సంగతిగా తీసిపారేస్తారు. నేనలా అనుకోను. తప్పు పేరు మీద నడిచిన ఒక్క కమాండు ఏళ్ల తరబడి పోగేసిన లెక్కలను తుడిచేస్తుంది.

ఇక్కడ మాట్లాడేది ఇద్దరు. బాబాయి సోలారిస్, బీఎస్‌డీ యంత్రాల మధ్య ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు, లినక్స్ సర్వర్ల స్టోరేజీ చూస్తుంది. నా మొగ్గు అమ్మాయి వైపే. కానీ బాబాయి వాదంలో ఆమెకు లొంగని చోటు ఒకటుంది, దాన్ని దాచకుండా రాస్తున్నాను.

బాబాయి: ఏమ్మా, ఈ ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు నువ్వేనా రాసింది? ఒక్క లైనూ మనిషి చదివేలా లేదు. యూయూఐడీ అని మొదలుపెట్టి హైఫన్లతో కలిపి 36 అక్షరాల గొలుసు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఫోన్లో ఇది ఎవరికైనా చదివి వినిపించగలవా?

అమ్మాయి: ఎందుకు వినిపించాలి బాబాయ్? ఆ ఫైలు చదివేది యంత్రం. బూటయ్యేటప్పుడు ఏ ఫైల్ సిస్టమ్‌ను ఏ డైరెక్టరీ దగ్గర మౌంట్ చెయ్యాలో దానికి తెలిస్తే చాలు. లినక్స్ ఇచ్చిన పేరుతో ఎస్‌డీబీ1 అని రాస్తే నీకు చదవడానికి బాగుంటుంది. కానీ ఆ పేరుకి ఇవాళ ఒక డిస్కు పలుకుతుంది, రేపు ఇంకోటి పలుకుతుంది.

బాబాయి: అది లినక్స్ చేసుకున్న ఖర్మ, దాన్ని పేర్ల మీదికి నెట్టకు. సోలారిస్‌లో సీ0టీ3డీ0ఎస్6 అంటే ఏమిటో చెప్పు.

అమ్మాయి: కంట్రోలర్ సున్నా, టార్గెట్ మూడు, డిస్కు సున్నా, స్లైస్ ఆరు.

బాబాయి: ఏ కార్డు, దాని కేబుల్ మీద ఎన్నో నంబరు, అందులో ఎన్నో భాగం, అన్నీ పేరులోనే ఉన్నాయి. టార్గెట్ 2 చచ్చిపోయినా టార్గెట్ 3 తన నంబరు మార్చుకోదు. ఎస్2 అంటే డిస్కు మొత్తం అని ఆనవాయితీ. పేరు చదివితే చెయ్యి నేరుగా ఆ డిస్కు దగ్గరికే వెళ్తుంది. ఇంతకన్నా ఏం కావాలి?

అమ్మాయి: నువ్వు చెప్పింది ఇంటి నంబరు బాబాయ్. లోపల కాపురం ఉన్నవాళ్లు మారిపోతే ఆ నంబరు నీకు చెబుతుందా? డిస్కు తీసి వేరే స్లాట్‌లో పెట్టినా, కంట్రోలర్ మార్చినా, పేరు పాతచోటే ఉండిపోతుంది, డేటా ఇంకోచోటికి వెళ్లిపోతుంది.

బాబాయి: డిస్కులు చోటు మారేది ఎవరో మారిస్తేనే. మార్చినవాడు ఫైలు కూడా మార్చాలి. అసలు ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా నీకు? పీడీపీ-11 మీద నడిచిన యూనిక్స్‌లో డివైసులన్నీ డెవ్ డైరెక్టరీలో ఫైళ్లు. ఆర్‌కే డిస్కుకు ఆర్‌కే0, ఆర్‌పీ డిస్కుకు ఆర్‌పీ0. డ్రైవర్ పేరు, పక్కన నంబరు. కెర్నెల్‌కు ఆ పేరుతో కూడా పనిలేదు. మేజర్ నంబరు చూసి ఏ డ్రైవరో, మైనర్ నంబరు చూసి ఆ డ్రైవర్ కింద ఏ ముక్కో తెలుసుకుంటుంది. డిస్కును భాగాలు చెయ్యడం కూడా ఎవరికో సరదా పుట్టి మొదలుపెట్టింది కాదు. ఆరో ఎడిషన్ యూనిక్స్ 1975లో వచ్చింది. అందులో బ్లాక్ నంబరుకు 16 బిట్లే, అంటే 65,536 బ్లాకులకు మించి లెక్కపెట్టలేదు. ఆర్‌పీ03 డిస్కు మొత్తం 81,200 బ్లాకులు. డిస్కు చివరి అంచు దాకా నంబరు అందదు. అందుకని ముక్కలు చేసి, మొదటి డ్రైవులోని ముక్కలకు ఆర్‌పీ0 నుంచి ఆర్‌పీ7 వరకు, రెండో డ్రైవుకు ఆర్‌పీ8 నుంచి ఆర్‌పీ15 వరకు పేర్లు పెట్టారు.

అమ్మాయి: ఏ ముక్క ఎక్కడ మొదలై ఎంత దూరం పోతుందో ఎక్కడ రాసేవాళ్లు?

బాబాయి: డ్రైవర్ సోర్సులోనే, ఒక పట్టికలో. కొలతలు మార్చాలంటే కెర్నెల్ మళ్లీ కంపైల్ చేసుకోవాల్సిందే.

అమ్మాయి: అంటే అప్పట్లో డిస్కు తన గురించి తాను ఏమీ చెప్పుకోలేదు. చెప్పగలిగేది కెర్నెల్ ఒక్కటే. ఇప్పుడు పార్టిషన్ పట్టిక డిస్కు మీదే ఉంటుంది, ఫైల్ సిస్టమ్ గుర్తు దాని సూపర్‌బ్లాకులోనే ఉంటుంది. తానెవరో చెప్పగలిగే డిస్కు ఎదురుగా ఉంటే, దాన్ని అడక్కుండా అది ఏ కుర్చీలో కూర్చుందో చూసి పేరు పెట్టడమెందుకు?

(ఒక్క క్షణం ఆగుతాను. బాబాయి చెప్పిన ఆ ఎనిమిది ముక్కల లెక్క ఇప్పటికీ బతికే ఉంది. మైనర్ నంబరులో ముక్కకు మూడు బిట్లు ఇస్తే ఎనిమిదే వస్తాయి. బీఎస్‌డీల్లో ఏ నుంచి హెచ్ వరకు ఎనిమిది అక్షరాలు స్థిరపడిపోయాయి: ఏ రూట్‌కు, బీ స్వాప్‌కు, సీ మొత్తం డిస్కుకు. పాత యంత్రాల ఇరుకుతనం కొత్త యంత్రాల పేర్లలో ఇలా మిగిలిపోవడం నాకు ముచ్చటగానే ఉంటుంది. ఓపెన్‌బీఎస్‌డీ దాన్ని పీ వరకు పెంచి 16 చేసింది.)

బాబాయి: అడగొద్దనలేదు. చోటును మరిచిపోవద్దంటున్నాను. లినక్స్ కూడా మొదట్లో బుద్ధిగానే ఉండేది. ఐడీఈ డిస్కులకు హెచ్‌డీఏ అంటే మొదటి కేబుల్ మాస్టర్, హెచ్‌డీబీ దాని స్లేవ్, హెచ్‌డీసీ రెండో కేబుల్ మాస్టర్, హెచ్‌డీడీ దాని స్లేవ్. హెచ్‌డీబీ లేకపోయినా హెచ్‌డీసీ హెచ్‌డీసీయే. అక్షరం చూసి కేస్ విప్పితే ఏ కేబుల్ పట్టుకోవాలో తెలిసిపోయేది.

అమ్మాయి: అది నేనూ ఒప్పుకుంటాను. స్కజీ డిస్కులకు మాత్రం మొదటి నుంచీ దొరికిన వరసే. మొదట కనబడింది ఎస్‌డీఏ, తర్వాతది ఎస్‌డీబీ, జెడ్ అయిపోతే ఎస్‌డీఏఏ. తర్వాత లిబ్ఏటీఏ వచ్చి సాటా డిస్కులను, ఆ వెనకే పాత ఐడీఈ డిస్కులను కూడా ఆ ఎస్‌డీ వరసలోకే తెచ్చింది. 2007 ప్రాంతంలో డిస్ట్రిబ్యూషన్లు ఒక్కొక్కటిగా మారాయి.

బాబాయి: ఆ రోజే చెడింది. చోటు చెప్పే పేరును తీసేసి టోకెన్ నంబరు చేతికిచ్చారు. ఒక్కో డిస్కుకు 63 పార్టిషన్ల దాకా ఉండే సౌకర్యం కూడా పోయి 15కు పడిపోయింది, ఎస్‌డీ డ్రైవర్ డిస్కుకు 16 మైనర్ నంబర్లే ఇచ్చేది కాబట్టి.

అమ్మాయి: ఆ 15 హద్దును తర్వాత దాటేశారులే. టోకెన్ నంబరన్నావు చూడు, నేను మొదటి నుంచీ మొత్తుకునేది అదే. ఎస్‌డీబీని పేరనుకుని ఫైళ్లలో రాసుకోవద్దంటున్నాను. నీకొక యంత్రాన్ని చూపిస్తాను. ఎస్‌డీఏ సిస్టమ్. ఎస్‌డీబీ తాత్కాలిక ఫైళ్లకు, రోజూ రాత్రి ఒక స్క్రిప్టు దాన్ని అన్‌మౌంట్ చేసి, ఫార్మాట్ చేసి, మళ్లీ మౌంట్ చేస్తుంది. ఎస్‌డీసీలో ఖాతాలు. ఎస్‌డీడీ బ్యాకప్, అవసరమైనప్పుడే మౌంట్ చేస్తారు. అన్నీ ఈఎక్స్‌టీ4. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఈ పేర్లే. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. తాత్కాలిక ఫైళ్ల డిస్కు మళ్లీ లేవలేదు. ఇప్పుడేమవుతుంది?

బాబాయి: వరస జరుగుతుంది. ఖాతాల డిస్కు ఎస్‌డీబీ, బ్యాకప్ డిస్కు ఎస్‌డీసీ.

అమ్మాయి: ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ప్రకారం ఎస్‌డీసీ1 ఖాతాల డైరెక్టరీలో మౌంట్ అవుతుంది. అంటే అక్కడ బ్యాకప్ కూర్చుంది. తెరిచి చూసినవాళ్లకు నిన్నటి ఖాతాలన్నీ కనిపిస్తాయి, అంతా బాగుందనుకుని ఇంటికెళ్లిపోతారు. అసలు ఖాతాలు తాత్కాలిక డైరెక్టరీలో మౌంట్ అయి ఉన్నాయి. రాత్రి స్క్రిప్టు లేస్తుంది, ఎస్‌డీబీ1ని అన్‌మౌంట్ చేస్తుంది, ఫార్మాట్ చేస్తుంది. ఎక్కడా ఎర్రర్ రాదు. ప్రతి కమాండూ చెప్పిన పని చెప్పినట్టే చేసింది. వేరే డిస్కు ఏదీ పాడవలేదు, పాడైన ఒక్కటీ పనికిరాని ఫైళ్లది. పోయినవి మాత్రం ఖాతాలు. యూయూఐడీ రాసి ఉంటే లేని డిస్కు కోసం యంత్రం 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయేది. ఆగిపోవడమే కావాలి నాకు. తప్పు డిస్కు మీద పరుగెత్తే యంత్రం కన్నా, నాకు దొరకలేదని చెప్పి నిలబడిపోయే యంత్రం వెయ్యి రెట్లు నయం.

బాబాయి: ఇదే యంత్రాన్ని సోలారిస్‌లో పెట్టు. టార్గెట్ 1 చచ్చిపోతే సీ0టీ1డీ0 ఉండదు, అంతే. ఖాతాల జోలికి ఎవరూ పోరు. ఫ్రీబీఎస్‌డీలో కూడా డివైస్ హింట్స్ ఫైలులో ఫలానా బస్సు మీది ఫలానా టార్గెట్టే డీఏ0 అని కట్టిపడేసుకోవచ్చు. నువ్వు తిట్టేది వరస పేరును. నేను వెనకేసుకొచ్చేది చోటు పేరును. రెండింటినీ ఒక గాటన కట్టకు.

అమ్మాయి: సరే, చోటునే తీసుకుందాం. స్టోరేజీ నెట్‌వర్కులో ఒక డిస్కుకు రెండు దారులుంటాయి, ఒకటి తెగినా ఇంకోటి పనిచెయ్యాలని. అదే డిస్కు ఒక దారిలో ఎస్‌డీబీ, రెండో దారిలో ఎస్‌డీఎఫ్. చోటును బట్టి చూస్తే రెండు డిస్కులు, నిజానికి ఒకటే. రెండు పేర్ల మీదా ఇద్దరు రాస్తే ఏమవుతుంది? అందుకే మీ సోలారిస్ కూడా మల్టీపాతింగ్ పెట్టినప్పుడు ఏం చేసింది? సీ తర్వాత టీ దగ్గర టార్గెట్ నంబరు తీసేసి, ఆ డిస్కుకు ప్రపంచంలో ఇంకెవరికీ లేని పొడవాటి హెక్సాడెసిమల్ గుర్తును ఇరికించింది. బయటికి పాత వేషమే, లోపల నా యూయూఐడీ లాంటిదే.

బాబాయి: (నవ్వుతూ) ఆ పేర్లు టైపు చెయ్యలేక మేమెంత తిట్టుకున్నామో నీకు తెలీదు. ఒప్పుకున్నాను, దారులు రెండైతే చోటు చాలదు. ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు చెప్పు. నీ యూయూఐడీ ఎవరిది?

అమ్మాయి: డిస్కుది... కాదు, ఫైల్ సిస్టమ్‌ది.

బాబాయి: అదీ. డిస్కు మీద రాసిన కొన్ని బైట్లు. మళ్లీ ఫార్మాట్ చేస్తే మారిపోతుంది. డీడీతో ఆ డిస్కును ఇంకో డిస్కు మీదికి ఉన్నదున్నట్టు కాపీ చేస్తే, ఆ గుర్తు కూడా వెళ్లి కొత్తదాని మీద కూర్చుంటుంది. ఇంకెవరికీ ఉండదన్న గుర్తు ఇద్దరికి వచ్చింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే పోల్చుకుని, ఈ యూయూఐడీ ముందే మౌంట్ అయి ఉందని రెండోదాన్ని రానివ్వదు. మిగతావాటి సంగతి?

అమ్మాయి: క్లౌడ్‌లో ఇది తరచుగా జరిగేదే. రూట్ డిస్కు పాడైతే స్నాప్‌షాట్ తీసి, దాన్నుంచి చేసిన వాల్యూమును బాగుచేద్దామని అదే యంత్రానికి తగిలిస్తారు. రెండింటికీ ఒకే యూయూఐడీ, ఒకే లేబుల్. తర్వాత రీబూట్ చేస్తే యంత్రం ఏ కాపీ మీద లేచిందో ఎంతోసేపటికి గానీ తెలియదు. కాపీ తీసిన వెంటనే ట్యూన్2ఎఫ్‌ఎస్‌తోనో, ఎక్స్‌ఎఫ్‌ఎస్-అడ్మిన్‌తోనో కొత్త యూయూఐడీ పుట్టించుకోవాలి.

బాబాయి: మనిషి గుర్తుపెట్టుకుని చెయ్యాలి, అంతేగా? డిస్కు చోటు మార్చినవాడు ఫైలు కూడా మార్చాలని నేనంటే తప్పు పట్టావు.

అమ్మాయి: తేడా ఉంది బాబాయ్. కాపీ తియ్యడం మనిషి కావాలని చేసే పని. కరెంటు పోవడం, డిస్కు లేవకపోవడం, కెర్నెల్ డ్రైవర్లను ఒకేసారి నడిపి ఏది ముందు పలికితే దానికి ముందు అక్షరం ఇవ్వడం, ఇవి ఎవరూ చెయ్యకుండానే జరుగుతాయి. మనిషి కావాలని చేసే పని దగ్గరైతే మనిషిని జాగ్రత్తగా ఉండమనొచ్చు.

(ఈ జవాబుతోనే నేను అమ్మాయి వైపు వెళ్లాను. ఇక్కడ ఒక సాంకేతిక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది కలిపేస్తారు. డిస్కుకు సీరియల్ నంబరు, వరల్డ్ వైడ్ నేమ్ ఉంటాయి. జీపీటీ పార్టిషన్‌కు పార్ట్‌యూయూఐడీ ఉంటుంది. ఫైల్ సిస్టమ్‌కు యూయూఐడీ ఉంటుంది. మూడూ వేర్వేరు వస్తువులకు చెందినవి. లినక్స్ కెర్నెల్ తనంతట తాను రూట్‌ను పార్ట్‌యూయూఐడీతో వెతుక్కోగలదు, ఫైల్ సిస్టమ్ యూయూఐడీ ఇస్తే మాత్రం ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ సాయం కావాలి. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లేకుండా చిన్న బోర్డుల మీద లినక్స్ లేపేవాళ్లు ఈ తేడా తెలియక గంటలు పోగొట్టుకుంటారు.)

బాబాయి: ఇంకో ప్రశ్న. 12 స్లాట్ల డబ్బా, రెయిడ్ 5. ఒక డిస్కు పోయింది. నీ యంత్రం ఫలానా గుర్తున్న డిస్కు పోయిందని చెప్పింది. ర్యాక్ ముందు నిలబడ్డ కుర్రాడు ఏ స్లాట్ లాగాలి?

అమ్మాయి: డెవ్‌లో డిస్క్/బై-ఐడీ ఉంది. అందులో మోడల్, సీరియల్ నంబరు ఉంటాయి. డిస్కు మీద అంటించిన స్టిక్కర్‌పై కూడా అదే సీరియల్ నంబరు.

బాబాయి: స్టిక్కర్ ఎక్కడుంది? క్యాడీ లోపల. బయటికి కనబడేది హ్యాండిలూ, రెండు లైట్లూ. సీరియల్ నంబరు చదవాలంటే డిస్కు బయటికి లాగాలి. రెయిడ్ 5లో ఒకటి పోయాక, బాగున్నదాన్ని ఒక్కటి లాగావంటే మొత్తం పోయినట్టే. కుర్రాడి కంటికి కనబడేది చోటు ఒక్కటే. ఆ నిమిషంలో నీ 32 హెక్సాడెసిమల్ అంకెలూ దేనికీ పనికిరావు.

అమ్మాయి: ...అవును. లెడ్‌సీటీఎల్‌తో ఆ స్లాట్ లైటు వెలిగించొచ్చు, కానీ అందుకు డబ్బా సహకరించాలి. సహకరించకపోతే బాగున్న డిస్కులన్నిటినీ వరసగా డీడీతో చదివిస్తూ, ఏ లైటు మిణుకుమనడం లేదో చూస్తాం.

బాబాయి: ఇంకా ఉంది. డబ్బాలోంచి ఇప్పుడే తీసిన కొత్త డిస్కుకు యూయూఐడీ ఏది? లేదు. లేబుల్ లేదు, పార్ట్‌యూయూఐడీ లేదు. అన్నిటికన్నా ప్రమాదకరమైన కమాండ్ ఫార్మాట్ చెయ్యడం. సరిగ్గా ఆ కమాండ్ కొట్టే వేళకే నువ్వు మెచ్చుకునే గుర్తు ఇంకా పుట్టలేదు. అందుకే అందరూ చివరికి ఎస్‌డీబీ అనే టైపు చేస్తారు.

అమ్మాయి: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు బాబాయ్. బై-ఐడీ పేరు వాడొచ్చు, సీరియల్ నంబరు ఫ్యాక్టరీలోనే వస్తుంది కాబట్టి. కానీ చవక యూఎస్‌బీ డబ్బాల్లో పెడితే కొన్ని అసలు నంబరు దాచేసి తమ నంబరు చెబుతాయి. అప్పుడు ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి సైజు చూడటం, అక్కర్లేని డిస్కులు ముందే పీకెయ్యడం, ఇవే దిక్కు.

బాబాయి: మరి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో మనిషి చదివే లేబులైనా పెట్టొచ్చుగా?

అమ్మాయి: పెడతాను, అది నాకూ ఇష్టమే. తెలుగులో పెడదామని కూడా చూశాను. ఈఎక్స్‌టీ4 లేబుల్‌కు 16 బైట్లే. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం గానీ గుణింతపు గుర్తు గానీ ఒక్కోటి మూడు బైట్లు తింటుంది, అంటే ఐదుకు మించి పట్టవు. పద్దు అని రాస్తే ప, ద, పొల్లు, ద, ఉత్వం కలిసి 15 బైట్లు, సరిపోతుంది. పద్దులు అంటే 21, పట్టదు. అదే జీపీటీ పార్టిషన్ పేరు యూటీఎఫ్-16లో 36 యూనిట్లు, తెలుగుకు ఒక్కోటి ఒక్క యూనిట్టే. ఖాతాల పద్దులు అని హాయిగా రాసుకోవచ్చు, బై-పార్ట్‌లేబుల్‌లో కనిపిస్తుంది.

బాబాయి: అలా రాసి ఉంటే నేను వచ్చీ రాగానే నీమీద పడేవాణ్ని కాదు. కానీ ఇద్దరు ఒకే లేబుల్ పెడితే?

అమ్మాయి: యూయూఐడీలా కాదు, లేబుళ్లు కలవడం మామూలే. డేటా అని పెట్టని మనిషుండడు. అందుకే యంత్రం చదివే లైనులో యూయూఐడీ, దాని పైన కామెంటులో లేబుల్, స్లాట్ నంబరు, సీరియల్ నంబరు. నాలుగూ ఒకచోట. జెడ్‌ఎఫ్‌ఎస్ వాడేచోటైతే వీడెవ్-ఐడీ కాన్ఫ్ ఫైలులో స్లాట్‌కు మనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. పూల్ స్టేటస్‌లోనే పై వరస మూడో స్లాట్ అని కనిపిస్తుంది, కుర్రాడు నేరుగా వెళ్లి లాగుతాడు. జెడ్‌ఎఫ్‌ఎస్ మాత్రం లోపల డిస్కు మీద తాను రాసుకున్న గుర్తునే చూస్తుంది.

బాబాయి: ఎన్‌వీఎంఈ వచ్చాక మళ్లీ కాస్త దారిలో పడ్డారనుకున్నాను. ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2, కంట్రోలర్ సున్నా, నేమ్‌స్పేస్ ఒకటి, పార్టిషన్ రెండు. చూడటానికి మా సోలారిస్ పేరులానే ఉంది.

అమ్మాయి: చూడటానికే. ఆ కంట్రోలర్ సున్నా కూడా దొరికిన వరసే. రెండు కార్డులుంటే ఏది సున్నా అవుతుందో కెర్నెల్ మాటివ్వదు. పేరు అంకెతో ముగుస్తుంది కాబట్టి పార్టిషన్ నంబరు ముందు పీ వచ్చింది, అంతకు మించి ఏమీ లేదు. నిజమైన చోటు కావాలంటే బై-పాత్ చూడాలి, పీసీఐ చిరునామా అక్కడుంటుంది.

బాబాయి: అయితే ఆ కామెంటు లైనులో బై-పాత్ కూడా రాయి. స్లాట్ నంబర్లు డబ్బా మీద అంటించు, లోపల కాదు, ముందు వైపు, క్యాడీ హ్యాండిల్ పక్కన. క్యాడీ మీద అంటిస్తే డిస్కుతో పాటు స్టిక్కరూ వెళ్లిపోతుంది.

అమ్మాయి: చట్రం మీదే అంటిస్తాను. ఆ రాత్రి స్క్రిప్టు కూడా మార్చాలి, మౌంట్ పాయింట్ నుంచి డివైస్‌ను వెతికి, యూయూఐడీ సరిపోయిందో లేదో చూశాకే ఫార్మాట్ చేసేలా.

బాబాయి: ఫార్మాట్ చేశాక యూయూఐడీ మారుతుందిగా, రేపు రాత్రికి సరిపోదు.

అమ్మాయి: ఎంకేఎఫ్‌ఎస్‌కు యూయూఐడీ మనమే ఇవ్వొచ్చు బాబాయ్. రోజూ అదే ఇస్తాను.